తెలీదన్న సారు

మా సారు పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను పులివెందులలో పరీక్ష హాల్లో తిరుగుతున్నాను. వరండాలోకి వచ్చి విన్నాను. "పొద్దున కాఫీ తాగతా తాగతా గ్లాసు కింద పెట్టినాడన్నా, అంతే" అన్నాడు ఆయన తమ్ముడి కొడుకు. నాకు వచ్చింది ఏడుపు కాదు. అబద్ధమెందుకు, గుండెల మీంచి బండ దించినట్టయింది. ఇరవై ఏళ్లకు పైగా ఆ మనిషి కనబడ్డప్పుడల్లా నన్ను ఒక చూపు చూసేవాడు. ఇక ఆ చూపు లేదు. హాల్లోకి తిరిగి వెళ్లి, స్లిప్పు పెట్టిన పిల్లాడొకణ్ని పట్టుకుని చెడామడా తిట్టాను. తర్వాత ముద్దనూరు మీదుగా ఆయన సొంతూరు జమ్మలమడుగు పోయే బస్సెక్కాను.

ఆయన పేరు రాయను. పేర్లంటే ఆయనకు గిట్టేది కాదు. "పేరు సీసాకు రాయి, మనిషికెందుకు?" అనేవాడు. ప్రొద్దుటూరులో మా డిగ్రీ కాలేజీ పిల్లలంతా ఆయన్ని బ్యాట్రీ సారు అనేవాళ్లు. రేడియో రిపేరు షాపుల్లో పారేసిన టార్చి సెల్లులు సంచి నిండా ఏరుకొచ్చి, కాలేజీ మెట్ల మీద కూర్చుని గుండ్రాయితో పగలగొట్టేవాడు. లోపలి నల్ల కడ్డీ తీసి, కడిగి, ఎండబెట్టి, కల్వంలో నూరేవాడు. వేళ్లు ఎప్పుడూ నలుపే. ఆ వేళ్లతోనే ఉప్మా తినేవాడు, ఆ వేళ్లతోనే రికార్డులు దిద్దేవాడు. మా మార్కుల పక్కన ఆయన బొటనవేలి నలుపు అంటుకుని ఉండేది.

ఆ కార్బను పొడిలో కాస్త పారాఫిన్ నూనె, పెన్న ఒడ్డున కుమ్మరోళ్లు తవ్వే బంకమన్ను కలిపి ముద్ద చేసి, సూది తీసేసిన సిరంజిలో కూరి, వెనక రాగితీగ గుచ్చేవాడు. అదే ఆయన ఎలక్ట్రోడు. దాన్ని నీళ్లలో ముంచి కరెంటు పెట్టాలి. నీళ్లలో పురుగులమందు ఉంటే బంకమన్ను దాన్ని పట్టుకుంటుంది, పక్కనున్న యంత్రం పెన్ను కాగితం మీద గుట్టలాగా గీత లేపుతుంది. మందు లేకపోతే గీత చదునుగా పోతుంది. పెద్ద ఊళ్లలో లక్షలు పోసి కొన్న యంత్రాలు చేసే పని చచ్చిన సెల్లులతో చేసి చూపించాలని ఆయన పంతం. ఎవరికి కావాలి? పక్క గది ఫిజిక్సు వాళ్లు కూడా తొంగి చూసేవాళ్లు కారు.

ఆయన నోట మాటొకటి ఉండేది, "ఎన్నిసార్లు?" అని. ఏం చెప్పినా ఎన్నిసార్లు చూసినావని అడుగుతాడు. "మూడుసార్లు చూడంది చూసినట్టు గాదురా" అంటాడు. అప్పటికింకా బతికున్న ఆయన భార్య ఉప్పు సరిపోయిందా అంటే మూడు ముద్దలు తిన్నాకే జవాబు. ప్రిన్సిపాలు స్వీటు పెట్టెతో వచ్చి, మావాడికి ఇంజనీరింగు సీటొచ్చింది సార్ అంటే, స్వీటు నోట్లో వేసుకుని "ఎన్నోసారికి?" అన్నాడు. అది నిజంగానే మూడోసారి. ప్రిన్సిపాలు ముఖం మాడిపోయింది.

మమ్మల్ని ఆయన ఏడిపించిన తీరు వేరు. "గ్లాసు కడిగినావా?" అనేవాడు. కడిగినా సార్ అంటే, "అట్లయితే దాంట్లో నీళ్లు పోసుకోని తాగు." తాగినవాడు ప్రాక్టికల్ చేయవచ్చు. వెనకాడినవాడు మళ్లీ కుళాయి దగ్గరికి పోవాలి. ఒకమ్మాయి ఏడుస్తూ తాగింది. "ఏడుపెందుకు? కడిగింది నువ్వే గదా, నీ మీద నీకు నమ్మకం ల్యాదా?" అన్నాడు. ఆ పిల్ల మర్నాడు కెమిస్ట్రీ వదిలి కామర్సుకు మారిపోయింది. ఆయన హాజరు పట్టీలో ఆ పేరు కొట్టేసి పాఠం మొదలుపెట్టాడు.

లెక్కల సారు కూతురి పెళ్లిలో ఏం చేశాడో చెప్తే మీరు నమ్మరు. వడ్డన జరుగుతోంది. ఈయన గుత్తివంకాయను వేలితో అటూ ఇటూ తిప్పి, పక్కన కూర్చున్న పెళ్లికొడుకు మేనమామతో, "ఈ కాయకు కోసే ముందురోజు మందు కొట్టుంటారప్పా. మార్కెట్లోవి తెచ్చి నేను చూసినా, మూడుసార్లు" అన్నాడు. ఆ వరస వరసంతా ఆకులు మడిచి లేచింది. పెళ్లి ఆగినంత పనైంది. లెక్కల సారు ఆ తర్వాత బతికున్నన్నాళ్లూ ఈయన ముఖం చూడలేదు. "నిజమే చెప్తి గదా, ఆయనకు నొప్పి యాడ?" అని మమ్మల్ని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే తెలియక అడిగాడు. అలాంటి మనిషితో వేగడం మాటలా?

నేను ఎమ్మెస్సీ అయ్యాక ఆయన దగ్గరే డెమాన్‌స్ట్రేటరుగా చేరాను. మాది చాపాడుకూ దువ్వూరుకూ మధ్య ఒక ఊరు, గొర్రెలు మేపే ఇల్లు. ఊరు రోడ్డుకు ఇటు ఒక పార్టీ, అటు ఒక పార్టీగా చీలి ఉండేది. టీ కొట్లు రెండు, క్షవరం చేసేవాళ్లు ఇద్దరు. గొర్రెలకు పార్టీ లేకపోయినా మేపేవాడికి ఉండి తీరాలి. మేము ఇటువైపు పార్టీని నడిపే పెద్దాయన వైపు. ఆయన పార్టీయే అప్పుడు పైన కూడా గెలిచి ఉంది. నేను శనాదివారాలు ఇంటికి పోయినప్పుడు టీ కొట్టు దగ్గర కోతలు కోసేవాణ్ని. "మా సారు మిషను సుక్క నీళ్లల్లో మందు పట్టేస్తాది మామా, పోలీసు కుక్క గూడా పనికిరాదు" అన్నాను ఒకసారి. నా నోటి దూల అది. ఆ కోత పెద్దాయన చెవిదాకా పోయింది.

వానలు పడిన వారం. ఒక మధ్యాహ్నం మా నాయన మేపే గొర్రెలు పదకొండు కుంట గట్టు మీద పడి చచ్చాయి. కడుపులు ఉబ్బి, నోట నురగ. "కుంట నీళ్లు తాగినాయి, పడినాయి" అని నాయన గుండెలు బాదుకున్నాడు. ముందురోజు ఆ కుంటలో ఓబులేసు మందు కొట్టే ట్యాంకు కడగడం నలుగురు చూశారు. ఓబులేసు అవతలి పార్టీ వాళ్ల పత్తికి మందు కొట్టే కూలి. ఆ కుంటలో ట్యాంకులు అందరూ కడుగుతారు, పెద్దాయన మనుషులతో సహా. ఆ వారం కళ్లబడింది మాత్రం ఓబులేసు. పొద్దు వాలకముందే ఊళ్లో మాట ఖాయమైపోయింది: మనవైపు గొర్రెలకు వాళ్లు మందు కలిపించారు, కలిపింది ఓబులేసు. ఎలక్షన్లు దగ్గర పడుతున్నాయి. అలాంటప్పుడు అలాంటి మాట పడినవాడు బతకడం కష్టమని మా ఊళ్లో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

పెద్దాయన నన్ను పిలిపించాడు. "మీ సారు కాడ మిషనుండాదంటివే, నీళ్లు తీస్కపోదాం పా. రేపు పొద్దున ఎవుడూ మమ్మల్ని అన్యాయంగా చేసినారనగూడదు" అన్నాడు. మా అమ్మ ఇంట్లో నీళ్ల డబ్బా ఒకటి ఇచ్చింది. కుంటలో ముంచి, మూత బిగించి, జీపెక్కాను.

పెద్దాయన జీపు కాలేజీలోకి రావడం, ప్రిన్సిపాలు కుర్చీలు మోయించుకుంటూ మా ల్యాబుకు పరిగెత్తుకు రావడం నా కళ్లతో చూశాను. పదిహేనేళ్లలో ఆ గదిలోకి ప్రిన్సిపాలు అడుగుపెట్టింది లేదు. సారు నల్ల చేతులు ప్యాంటుకు తుడుచుకుని నిలబడ్డాడు.

"సిన్న పని సారూ. ఈ నీళ్లల్లో మందు ఉండాదా ల్యాదా, అంతే" అన్నాడు పెద్దాయన.

సారు ఎలక్ట్రోడు కొసను ట్రేసింగు కాగితం మీద మెల్లగా రుద్ది నునుపు చేశాడు. ముంచాడు. పెన్ను కదిలింది. చదునుగా పోతూ పోతూ పైకి లేచింది. "లేసింది! సూడండి, లేసింది!" అని అరిచాడు. ఆయన నవ్వగా చూడటం నాకదే మొదలు. పెద్దాయన మనుషులు గీత చుట్టూ మూగారు. "ఉండండి, మూడుసార్లు చూడల్ల" అన్నాడు. మూడుసార్లూ లేచింది. కాలేజీ లెటరుహెడ్డు తెప్పించి, తెచ్చిన నీళ్లలో పురుగులమందు ఉన్నది అని రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. పెద్దాయన ఆయన భుజం తట్టి, "ఇంత మిషను పెట్టుకోని ఈ మూల గదిలో ఉండావేంది సారూ!" అన్నాడు. సారు కళ్లలో నీళ్లు తిరిగాయి.

డబ్బా ఎక్కడిదని ఆయన అడగలేదు. గ్లాసు కడిగినావా అని నా ప్రాణాలు తోడేసిన మనిషి, ఆ ఒక్కరోజు అడగలేదు. పొగడ్త ఎంతటివాణ్నయినా గుడ్డివాణ్ని చేస్తుంది.

మర్నాడు మధ్యాహ్నం ల్యాబులో కుండ ఖాళీ. "నీళ్లుంటే ఇయ్యిరా" అన్నాడు. నా అన్నం సంచిలోంచి డబ్బా తీసిచ్చాను. నోటిదాకా ఎత్తి ఆగాడు. తిప్పి చూశాడు. గీకేసిన లేబులు జిగురు, దాని కింద విషమని చెప్పే ఎర్రగుర్తు మూల ఒకటి మిగిలి ఉంది.

"ఏంది ఇది?"

"నీళ్ల డబ్బా సార్."

"మందు డబ్బా గదరా?"

"మందు అయిపోయినాక కడిగి నీళ్లకు పెట్టుకుంటాం సార్. మా ఊర్లల్లో అందరివీ ఇవే. బూడిదేసి మూడుసార్లు కడుగుతాది మాయమ్మ."

"నిన్నటిది?"

"దీని జతదే సార్."

మీరు నన్ను తిట్టుకోవచ్చు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, గాజు సామాను మూడునీళ్లు కడగడంలో ఆరితేరినవాణ్ని. కానీ ఆ డబ్బా గట్టిది, మూత బిగుతు, పొలానికి మోసుకుపోవడానికి పిడి ఉంటుంది. పుట్టినప్పటినుంచీ దాంట్లో నీళ్లే తాగాను. నా కంటికి అది నీళ్ల డబ్బాయే తప్ప ఇంకోటి కాదు.

సారు నా డబ్బా ఖాళీ చేసి, దాంట్లో డిస్టిల్డు వాటరు పోసి, గంటసేపు గడియారం చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఎలక్ట్రోడు ముంచాడు. గీత లేచింది. మళ్లీ చూశాడు, మళ్లీ లేచింది. నిన్నటి కాగితం తీసి పక్కన పెట్టాడు. రెండు గుట్టలూ అన్నదమ్ముల్లా ఉన్నాయి. చెంప పగులుతుందని నేను తల వంచుకుని నిలబడ్డాను.

"నా కాగితం పట్టుకోని వాళ్లు ఎవుర్ని కొట్టబోతాండారు?" అన్నాడు.

"ఓబులేసని, మందు కొట్టే కూలాయన సార్. ఈ పొద్దే పంచాయితీ. కొట్టి ఊరకుండరు సార్."

"పా" అన్నాడు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచి బస్టాండుకు నడిచాడు.

బస్సు చాపాడు దాటింది. తర్వాత అడిగాడు. "గొర్లు ఆ పొద్దు ఏం మేసినాయి?"

"గడ్డి సార్."

తల తిప్పి నన్ను చూశాడు. "గొర్లోళ్ల పిల్లోడివి. ఏం గడ్డో పేరు జెప్పకుండా ఉత్త గడ్డంటాండావేంది?"

"గడ్డే సార్. గట్టెంబడి."

ఆ చూపు అప్పుడు మొదలైంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

గడ్డి కాదు. కోసేసిన జొన్నచేలో వాన పడితే మోళ్లకు పిలకలు లేస్తాయి. లేతగా, పచ్చగా నిగనిగలాడతాయి. ఆ పిలకలు కడుపునిండా తిన్న గొర్రె బతకదు. గొర్రెల ఇంట్లో పాలు మరిచిన బిడ్డకు కూడా తెలిసిన సంగతి ఇది. ఆ పొద్దు మా నాయన నీడన కునుకు తీశాడు. మంద పెద్దాయన జొన్నచేలో దిగింది. పెద్దాయన చేలో అడక్కుండా మేపితే వీపు పగులుతుంది. పిలకజొన్న మేపి మందను చంపుకున్నాడంటే కాపరి అన్నవాడు ఊళ్లో తలెత్తుకోలేడు. నాయన వాటిని అదిలించి కుంట దగ్గరికి తోలాడు. అక్కడ పడ్డాయి గనక కుంట అన్నాడు. నా రెండు చేతులూ పట్టుకుని ఆ మాట నాకొక్కడికే చెప్పాడు. ఓబులేసును నాలుగు తంతారు, ఊరు వదిలిపెట్టిస్తారు, మహా అయితే అంతే అని నాకు నేను చెప్పుకున్నాను. మరి ఊరకుండరని సారుతో ఎందుకన్నానంటే, అంతటితో ఆగరని నాకు తెలుసు గనక.

చావిడి ముందు జనం కిటకిటలాడుతున్నారు. పెద్దాయన కుర్చీలో ఉన్నాడు. ఓబులేసు నేల మీద గొంతుక్కూర్చున్నాడు, పక్కన పెండ్లాం. అవతలి పార్టీ నుంచి ఒక్క పురుగు రాలేదు. మందు కొట్టే కూలివాడి కోసం ఎవడొస్తాడు?

సారు నిలబడే చెప్పాడు. నిన్న తను రాసిచ్చింది తప్పనీ, ఆ మందు కుంటది కాకపోవచ్చు, డబ్బాది కావచ్చనీ చెప్పి రెండు కాగితాలూ చూపించాడు. జనం నవ్వారు.

"మేమంతా ఆ డబ్బాల్లోనే గదా సారూ తాగేది?" అంది ఒక ముసలామె. "మందుంటే మేం సావల్ల గదా?"

"మిషనుకు దొరికేంత ఉంటాదమ్మా. మనిషిని సంపేంత ఉండదు."

"అట్లయితే గొర్లెట్ల సచ్చినాయి?"

పెద్దాయన చెయ్యెత్తి జనాన్ని ఆపాడు. "సారూ, ఈ గీతలన్నీ మాకెందుకు? ఒక్క మాట జెప్పు. కుంటలో మందు ఉండాదా, ల్యాదా?"

"తెలీదు."

"నిన్న ఉందంటివే?"

"నిన్న తప్పు జెప్తి."

"అంటే ల్యాదనే గదా?"

"ల్యాదని గూడా అనలేను. కుంట నీళ్లు గాజు సీసాలో మళ్లా పట్టీండి, చూసి చెప్తా."

"తక్కిన గొడ్లు తాగకుండా పొద్దున్నే కట్ట తెంచినాం. సుక్క నీళ్లు ల్యావు."

"అట్లయితే ఇంక ఎవురూ చెప్పలేరు" అన్నాడు సారు.

ఓబులేసు లేచి వచ్చి ఆయన కాళ్ల మీద పడ్డాడు. "ల్యాదని చెప్పు సారూ. ఒక్క మాట. సదువుకున్న సామివి, నువ్వు చెప్తే ఇంటారు. నన్ను సంపుతారు సారూ, నాకు పిల్లోల్లుండారు." పెండ్లాం కూడా వచ్చి రెండో కాలు పట్టుకుంది.

సారు వంగి ఇద్దరి చేతులూ విడిపించాడు. "నాకు తెలీదప్పా" అన్నాడు. మెత్తగానే అన్నాడు. ఛీ, ఏం మనిషి! నిన్న నలుగురు మెచ్చుకుంటే చూడని కుంట గురించి ఉందని రాసిచ్చినవాడు, ఇవాళ ఒక ప్రాణం కాళ్లు పట్టుకుంటే లేదనడానికి నోరు రాలేదు. అబద్ధమే కానీ, ఆ ఒక్క అబద్ధం చెప్తే ఆయన సొమ్మేం పోయింది? ఆ క్షణాన ఆయన గొంతు పిసకాలనిపించింది.

పెద్దాయన నా వైపు తిరిగాడు. "ఏమిరా, నువ్వూ సదువుకున్నోడివేగా. గొర్లు మీవి. నువ్వేమంటావు?"

మా నాయన జనంలో నిలబడి ఉన్నాడు, కండువా కొస నోట్లో కుక్కుకుని. ఓబులేసు నా వైపు చూశాడు. సారు కూడా చూశాడు.

"సారుకే తెలీంది నాకేం తెలుస్తాది?" అన్నాను.

"తెలీదంటే ఉన్నట్టే" అని పెద్దాయన లేచి పోయాడు.

మూడోరోజు మధ్యాహ్నం ఓబులేసు పత్తిచేలో పడి ఉన్నాడు. ట్యాంకు వీపునే ఉంది. నోటినిండా, ముక్కుల్లో, చొక్కా మీదంతా మందు. ముందు పళ్లు రెండు విరిగి ఉన్నాయి. తనకు తానుగా తాగేవాడికి పళ్లు ఎందుకు విరుగుతాయని ఎవరూ అడగలేదు. మందు తాగి చచ్చాడని రాసుకున్నారు. అప్పుడు మేలుకుంది అవతలి పార్టీ. శవాన్ని ట్రాక్టరు మీద ప్రొద్దుటూరు తెచ్చి, రైతు ఆత్మహత్య అని మైకులో గొంతు చించుకున్నారు. సెంటు భూమి లేనివాడు చచ్చాక రైతయ్యాడు. పెద్దాయన కూడా పూలదండ పంపించాడు. సారు స్టేషనుకు పోయి, తన కాగితం తప్పని రాసుకోమని అడిగాడు. "మందు తాగి సచ్చినోడికీ కుంట నీళ్లకూ ఏం సంబంధం సారూ? కూర్చోండి, టీ తాగండి" అన్నారు.

సోమవారం పొద్దున నేను ల్యాబులో అడుగుపెట్టగానే, "మీ ఊర్లో ఎన్ని రకాల మందు డబ్బాలుండాయో అన్నీ తే" అన్నాడు. తెచ్చాను. "కడుగు" అన్నాడు. కడిగాను. నీళ్లు పోసి ఎలక్ట్రోడు ముంచితే గీత లేచింది. "ఇంకోసారి కడుగు." బూడిదతో, చింతపండుతో, సబ్బుతో, వేణ్నీళ్లతో కడిగాను. పదిసార్లు కడిగినా కొంచెమైనా లేస్తూనే ఉంది. ఒక నెల కాదు, ఒక ఏడు కాదు. చేతులు పొట్టు రేగిపోయాయి. ఒకరోజు తట్టుకోలేక, "ఎన్నాళ్లు సార్ ఇట్ల?" అన్నాను. "నీకేమన్నా చెప్పబుద్ధి అయితాందా?" అన్నాడు. లేదు సార్ అన్నాను. "అట్లయితే కడుగు" అన్నాడు.

ఆ కడుగుడే నా డాక్టరేటు అయింది. థీసిస్ నిండా డబ్బాలున్నాయి, గీతలున్నాయి, ఓబులేసు లేడు. దాన్ని చూసే పులివెందులలో నాకు ఉద్యోగమిచ్చారు, శాలువా కప్పారు. ఆయన మాత్రం తన సొంత కాగితాలు గుడ్డలో మూటకట్టి అటక మీద పడేశాడు. ఆ తర్వాత ఆయన నోట "మూడుసార్లు" అన్న మాట నేను వినలేదు. ఎవరేం చెప్పినా, "ఎవురి డబ్బాలో తెచ్చినావు?" అనేవాడు. కొత్తగా వచ్చిన లెక్చరర్లు పిచ్చి సారనుకునేవాళ్లు.

పోయినేడాది జమ్మలమడుగు పోయి చూశాను. నాపరాయి అరుగు మీద కూర్చుని ఉన్నాడు, చిక్కి సగమయ్యాడు. నేను తెచ్చిన ద్రాక్షపండ్ల వైపు చూసి ముఖం తిప్పుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లుగా గొంతులో ఉన్నది కక్కేశాను.

"ఆ పొద్దు ల్యాదని ఒక్క మాట అనింటే ఆ మనిషి బతికేవాడు గదా సార్?"

"అవు. బతికేవాడు" అన్నాడు.

"మరెందుకనలే?"

"నాకు తెలీక తెలీదంటి." కాసేపు దగ్గాడు. "నువ్వు తెల్సీ తెలీదంటివి. నాకా పొద్దునుంచి కూడు సరిగా దిగలే. నువ్వు సూడు, బాగ లావైనావు."

"నాకేం తెల్సు సార్?"

"అది నువ్వే చెప్పల్ల. నా అనుమానం నేను చెప్పను. ఒకసారి చెప్పి సూసినా గదా." అంతే, మళ్లీ నాతో మాట్లాడలేదు. పండ్ల సంచి నా చేతికే తిరిగిచ్చాడు.

జమ్మలమడుగులో బస్సు దిగి ఇంటికి పోయేసరికి శవాన్ని వాకిట్లో బల్ల మీద పడుకోబెట్టారు. జనం లేరు. రిటైరైన అటెండర్లు ఇద్దరు, తమ్ముడి కుటుంబం, ఇరుగుపొరుగు నలుగురు. నేను దండ వేసి పక్కకు వచ్చాను. గోడవార కూర్చున్న ఒక ముసలామె లేచి నా దగ్గరికి వచ్చింది. దగ్గరికొచ్చేదాకా గుర్తుపట్టలేదు. ఓబులేసు పెండ్లాం.

"నువ్వు గొర్లోల్ల పిల్లోడివి గదప్పా?"

"అవునక్కా."

"సారు ఏటా ఒకతూరి మా ఇంటికొచ్చేవాడప్పా. వచ్చి కూర్చుంటాడు, ఏం మాట్లాడడు, పోతాడు. మొదట్లో తిట్టి తరిమితి. అయినా వచ్చేవాడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గొర్లకు మందుపెట్టినోడి కొడుకని మా పెద్దోనికి ఎవురూ పిల్లనియ్యలే. సిగ్గుతో ఊరిడిచిపాయ. ఆ మాట సారుకు జెప్పి ఏడిస్తే, పోయినతూరి అన్న్యాడు. నీకు చెప్పాల్సిన మాట ఒకటుండాది, అది నా కాడ ల్యాదు, ఆ గొర్లోల్ల పిల్లోని కాడుండాది, వాడే ఒకపొద్దు నీ కాడికొచ్చి చెప్తాడు, అని. ఏడాదినుంచి సూస్తానే ఉండా. నువ్వు రాల్యా." నా చెయ్యి పట్టుకుంది. ఎండిన చెయ్యి, పట్టు మాత్రం గట్టిది. "ఏం మాటప్పా అది?"

మా నాయన చనిపోయి ఏడేళ్లయింది. పెద్దాయన కూడా పోయాడు. ఇప్పుడు సారు పోయాడు. ఆ మాట చెప్తే నన్ను కొట్టేవాడు, నరికేవాడు, ఉద్యోగం పీకేవాడు ఈ భూమ్మీద ఎవడూ లేడు. ఆమె నా ముఖంలోకి చూస్తూ నిలబడి ఉంది.

"సారు శానా మంచోడక్కా" అన్నాను. "అదే, ఆ మాటే."

"అంతేనా?" అంది.

"అంతే" అన్నాను.